రెండో ప్లాట్‌ఫారం మీద ఒక పార్లమెంటు ప్రశ్న: నా అనుభవం

పార్లమెంటులో ప్రశ్న వేయించాలంటే ఢిల్లీ వెళ్లక్కర్లేదండి. ఎంపీ గారి పీఏ ఫోనెత్తితే చాలు. ఎత్తడానికే కాస్త టైము పడుతుంది. మా స్టేషన్లో వీల్‌ఛైర్ మీద రెండో ప్లాట్‌ఫారానికి వెళ్లే దారి లేదన్న ముక్క నా బల్ల మీద నుంచి బయల్దేరి లోక్‌సభ దాకా వెళ్లింది. అక్కడి నుంచి తిరిగొచ్చి మా స్టేషన్ మాస్టరు గారి బల్ల మీదే దిగింది. మధ్యలో ఎక్కడెక్కడ ఆగింది, ఎవరెవరు కదిలారు అన్నది రాద్దామని కూర్చున్నాను. ఇలాంటి పని పెట్టుకోవాలనుకునేవాళ్లకి పనికొస్తుంది. అనుకోనివాళ్లకి కాలక్షేపం.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో దస్తావేజు లేఖరిని. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా షెడ్డు, కంప్యూటరు, స్టాంపు పేపర్లు, అదీ నా లోకం. చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎడమకాలికి క్యాలిపర్, రెండు చంకకర్రలు. ఇన్నేళ్లు కర్రల మీద బరువు వేసేసరికి భుజాలు అరిగిపోయాయి, అందుకని దూరమైతే వీల్‌ఛైరే. హైదరాబాదులో డాక్టరు గారి దగ్గరికి వెళ్లాలన్నా, అక్కడ చదువుకుంటున్న మావాడిని చూడాలన్నా రాత్రి రైలే దిక్కు, ఎందుకంటే బస్సు మెట్లు నా వల్ల కాదు. స్టేషన్ పేరు మాత్రం రాయను. అక్కడ పనిచేసేవాళ్లతో నాకు తగువేమీ లేదు, పైగా వాళ్లు చేతనైనంత సాయం చేశారు.

సంగతేమిటంటే, మా లైను సింగిల్‌గా ఉన్నన్నాళ్లూ నాకు ఇబ్బంది తక్కువ. వచ్చే బండీ పోయే బండీ ఎక్కువగా ఒకటో ప్లాట్‌ఫారం మీదకే వచ్చేవి. టికెట్ కౌంటరు, వెయిటింగ్ హాలు, నీళ్ల కుళాయి, ఆటో స్టాండు అన్నీ ఆ పక్కే. తర్వాత డబ్లింగ్ అయింది, కరెంటు లైను వచ్చింది. డెల్టా అంతా పండగ చేసుకుంది, నేనూ చేసుకున్నాను. తీరా చూస్తే ఒక వైపు వెళ్లే బళ్లన్నీ రెండో ప్లాట్‌ఫారం మీదకి మారాయి. నా హైదరాబాదు బండి అందులో ఒకటి. రెండో దానికి వెళ్లాలంటే మెట్ల బ్రిడ్జి ఎక్కాలి. లిఫ్టు లేదు, ర్యాంపూ లేదు.

మరి నన్ను ఎలా తీసుకెళ్లేవారు? ప్లాట్‌ఫారం చివర పార్శిల్ తోపుడుబళ్లు దాటించడానికి పట్టాల మధ్య దారి ఒకటి ఉంటుంది. వీల్‌ఛైర్‌ని అటు తిప్పి పట్టాల మీదుగా నెట్టించుకోవాలి. అడ్డదిడ్డంగా పట్టాలు దాటితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదంటే వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని మైకులో చెబుతుంటారు కదా. ఆ అనౌన్స్‌మెంటు వింటూనే స్టేషన్ మనిషి నన్ను దాటించేవాడు. నాకు కోపం కంటే భయమే ఎక్కువ. చిన్న చక్రం పట్టా పక్కన సందులో పడితే అక్కడే ఆగిపోతుంది, వెనక నుంచి ఎంత నెట్టినా కదలదు.

అవతలికి చేరాక మళ్లీ ఇంకో గండం. మన దేశంలో ఎత్తైన ప్లాట్‌ఫారం అంటే పట్టా నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు. పెట్టె నేల అంతకంటే చాలా పైన ఉంటుంది. అంటే మంచి ప్లాట్‌ఫారం మీద నిలబడినా లోపలికి మెట్లెక్కాల్సిందే. దివ్యాంగుల పెట్టె బండి చివర గార్డు పెట్టెతో కలిసి ఉంటుంది. అందులో తలుపు వెడల్పు, టాయిలెట్ పెద్దది, పట్టుకోవడానికి కడ్డీలు కూడా ఉంటాయి. కానీ పొట్టి ప్లాట్‌ఫారం ఉన్నచోట ఆ చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోయి కంకర మీద ఆగుతుంది. బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలు. లోపల నుంచి ఎవరో గడియ పెట్టుకుని పడుకుని ఉంటారు. అలా కూర్చున్నవాళ్ల మీద 155వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు, నిజమే. ఒకటిన్నర నిమిషంలో కేసు పెట్టించేవాడెవడు?

ఇదంతా మావాళ్లకి కొత్త కాదు. రాయితీ కార్డు చేయించుకోవడం, 75 శాతం తగ్గింపు, తోడు వచ్చేవాళ్లకీ అదే తగ్గింపు, స్లీపర్‌లో దివ్యాంగుల కోటా బెర్తులు, వీటి గురించి అందరికీ తెలుసు. వైకల్యానికి సదరం సర్టిఫికెట్ ఒకటి, కేంద్రం ఇచ్చే యూడీఐడీ కార్డు ఒకటి, రైల్వేది వేరే ఒకటి. కార్డులకి కొదవ లేదు. చవగ్గా వచ్చిన టికెట్ పట్టుకుని బండి దాకా ఎలా వెళ్లాలన్నదే ఏ కార్డు మీదా రాసి లేదు.

చట్టం ఏమంటోందో చూద్దామని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రింటు తీయించాను. కాగితాలు చదవడం నా వృత్తే కాబట్టి ఓపిగ్గా చదివాను. 41వ సెక్షన్ రైల్వే స్టేషన్ల పేరు పెట్టి మరీ చెప్పింది: పార్కింగు, టాయిలెట్లు, టికెట్ కౌంటర్లు, టికెట్ మిషన్లు ప్రమాణాల ప్రకారం ఉండాలని. 45వ సెక్షన్ ఇంకా గట్టిది. ఉన్న ప్రజా కట్టడాలన్నీ రూల్స్ వచ్చిన ఐదేళ్లలోగా అందరూ వాడుకునేలా మార్చాలి. రూల్స్ 2017 జూన్ 15న వచ్చాయి. అంటే 2022 జూన్‌తో గడువు తీరిపోయింది. పాత బళ్లను మార్చే విషయానికొచ్చేసరికి మాత్రం 41లోనే ఒక కిటికీ తెరిచి పెట్టారు: సాంకేతికంగా వీలైతే, ఖర్చు గిట్టుబాటైతే, డిజైన్‌లో పెద్ద మార్పులు అక్కర్లేకపోతే అని. క్లయింటు తెచ్చే ఒప్పందంలో ఇలాంటి మాట కనిపిస్తే నేను ఎర్రసిరాతో సున్నా చుడతాను. అందుకే పెట్టె ఎత్తు జోలికి పోలేదు. గడువు దాటిన కట్టడం, అంటే ప్లాట్‌ఫారం, అదొక్కటే పట్టుకున్నాను.

సమాచార హక్కు కింద ముందు ఒక దరఖాస్తు పెట్టాను. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. జవాబు వచ్చింది. దానివల్ల నాకు అర్థమైనది ఒకటే, కానీ పెద్దది. రైల్వే లెక్కలో దివ్యాంగుల సౌకర్యాలు రెండు రకాలు. స్వల్పకాలికం అన్న జాబితాలో స్టేషన్లోకి ర్యాంపు, రెండు పార్కింగ్ స్థలాలు, పార్కింగు నుంచి జారని దారి, బోర్డులు, ఒక టాయిలెట్, ఒక నీళ్ల కుళాయి, 'మే ఐ హెల్ప్ యూ' బూత్ ఉంటాయి. దీర్ఘకాలికం అన్న జాబితాలో రెండే: ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి వెళ్లే ఏర్పాటు, ప్లాట్‌ఫారం అంచున గుర్తులు చెక్కడం. ఈ రెండో జాబితా ఎన్నాళ్లుగానో పెద్ద స్టేషన్లకే పరిమితం. అంటే మాలాంటి చిన్న స్టేషన్లో నేను లోపలికి రావచ్చు, నీళ్లు తాగొచ్చు, టాయిలెట్‌కి వెళ్లొచ్చు, సాయం అడగొచ్చు. రైలెక్కడం మాత్రం దీర్ఘకాలికం.

భీమవరం టౌన్, నరసాపురం, తాడేపల్లిగూడెం, నిడదవోలు లాంటివి స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకంలో ఉన్నాయి. అక్కడ పనులు జరుగుతుంటే చూస్తే ముచ్చటేస్తుంది. పథకంలో లేని స్టేషన్ల మాటేమిటన్నదే నా ప్రశ్న.

కోర్టుకి వెళ్లమని కొందరన్నారు. ఢిల్లీలో ఉండే వికలాంగుల చీఫ్ కమిషనర్‌కి ఫిర్యాదు పెట్టమని ఇంకొందరు. అదీ మంచి దారే. ఆయన సిఫారసు చేస్తే సంబంధిత శాఖ మూడు నెలల్లో అమలు చేయాలి, లేదంటే ఎందుకు చేయలేదో చెప్పాలి. మా షెడ్డు పక్కన జిరాక్సు షాపాయన మాత్రం, "పార్లమెంటులో అడిగించండి గురువుగారూ, ఎంపీలకి ఓట్లు వేసింది ఎందుకు?" అన్నాడు. తనేదో మాటవరసకే అన్నాడు. నాకది పట్టుకుంది.

ఎంపీ ఆఫీసులో పీఏ గారు మర్యాదస్తుడు. ఆఫీసు గోడ మీద మూడు చక్రాల బళ్లు పంచుతున్న ఫోటోలు ఉన్నాయి. అలాంటి బండి మా స్టేషన్లో పార్కింగు దాటి ముందుకి పోదని చెబితే ఆయన నవ్వలేదు, నోట్‌బుక్‌లో రాసుకున్నారు. అప్పుడు నమ్మకం కుదిరింది. ప్రశ్న నన్నే రాసి తెమ్మన్నారు.

రాశాను. బాగా వచ్చిందనుకున్నాను. ఆయన చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఏమండీ, ఇది ప్రశ్నలా లేదండి, తిట్టులా ఉంది." నా వాక్యాల్లో ఒకటి ఇలా ఉంది: రైలు ఎక్కలేని ప్రయాణికులకు మంచినీళ్ల కుళాయి ఇచ్చినందుకు ప్రభుత్వం ఎన్ని రోజులు సంబరాలు జరుపుకోవాలని ప్రతిపాదిస్తోంది?

లోక్‌సభ రూల్స్ పుస్తకం తీసి చూపించారు. ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు. వాదన ఉండకూడదు, ఊహించి తేల్చేయడం ఉండకూడదు, ఒకరి మీద నింద ఉండకూడదు, వ్యంగ్యం అసలే ఉండకూడదు. అభిప్రాయం అడగకూడదు. ఒకే మనిషి సొంత గోడు కాకూడదు. మిగతావి ఒప్పుకుంటాను గానీ వెటకారం లేకుండా వాక్యం రాయమంటే గోదావరి వాడికి ఊపిరి ఆడదు కదా. ఆయ్, ప్రయత్నిస్తామండి అన్నాను. "అదిగో, ఆ 'ఆయ్'లోనే ఉంది," అన్నారాయన.

ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెట్టాను. స్థలం అమ్మకం దస్తావేజు రాసేటప్పుడు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు ఎలా బిగిస్తామో, ప్రశ్నకీ అలాగే బిగించాలి. ఒక పక్క తెరిచి పెట్టామా, జవాబు ఆ పక్క నుంచి జారిపోతుంది. రైల్వే శాఖ పాత జవాబులు చాలా చదివాను, అవన్నీ పార్లమెంటు వెబ్‌సైటులో దొరుకుతాయి. మళ్లీ మళ్లీ ఒక వాక్యం కనిపించింది: ప్రయాణికుల సౌకర్యాలు కల్పించడం నిరంతర ప్రక్రియ, అవసరాన్ని బట్టి, ప్రాధాన్యాన్ని బట్టి, నిధుల లభ్యతను బట్టి చేస్తాం. ఈ వాక్యంలో అబద్ధం లేదు. పట్టుకోవడానికి పిడి కూడా లేదు. ఎంపీ "చర్యలు తీసుకుంటున్నారా?" అని అడిగితే ఈ వాక్యమే వస్తుంది. కాబట్టి "చర్యలు" అన్న మాట నా ప్రశ్నలో ఎక్కడా రాకూడదని నియమం పెట్టుకున్నాను.

ఆఖరికి తయారైనది ఇదీ, నా తెలుగులో. (ఎ) 2016 చట్టం 45వ సెక్షన్ గడువు ముగిసిన నాటికి, ఫలానా జిల్లాల్లో లిఫ్టు గానీ ర్యాంపు గానీ లేకుండా రెండో ప్లాట్‌ఫారానికి వెళ్లలేని స్టేషన్లు ఏవి, స్టేషన్‌వారీగా. (బి) వాటిలో ఏ స్టేషన్‌కి ఆ పని మంజూరైంది, మంజూరు తేదీ, పూర్తి కావాల్సిన తేదీ. (సి) అది పూర్తయ్యేదాకా వీల్‌ఛైర్ ప్రయాణికులున్న బండిని ఒకటో ప్లాట్‌ఫారం మీదకి తీసుకోవడానికి ఆదేశాలు ఉన్నాయా, ఉంటే వివరాలు. (డి) దివ్యాంగుల టాయిలెట్లు ఎన్ని, వాటి తాళం ఎవరి దగ్గర ఉంటుంది. తాళం సంగతి పీఏ గారు కొట్టేశారు. మరీ చిన్న విషయాలు అడిగితే ఒప్పుకోరట. "నిర్వహణ బాధ్యత ఎవరిది" అని మార్చారు. నా ప్రాణం తాళం దగ్గరే ఉంది గానీ సరేనన్నాను.

ఆ తర్వాత దారి ఇలా ఉంటుంది. ప్రశ్న నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఒక్కో శాఖకి వారంలో ఒక రోజు. లోక్‌సభలో రైల్వేకి ఈ మధ్య బుధవారం, రాజ్యసభలో శుక్రవారం. వచ్చిన నోటీసులన్నీ బ్యాలట్‌లో వేస్తారు, అదృష్టం ఉంటే పైకొస్తుంది. రోజుకి నక్షత్రం గుర్తువి 20, వాటికి మంత్రి సభలో నోటితో చెబుతారు. గుర్తు లేనివి 230 దాకా, వాటికి రాతలో ఇస్తారు. సభలో మంత్రి లేచి చెబితే అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు, టీవీలో వస్తుంది. మనలాంటి స్టేషన్‌వారీ లెక్కలకి మాత్రం రాతపూర్వకమే నయం, అందులో పట్టిక పెట్టక తప్పదు.

మొదటిసారి బ్యాలట్‌లో రాలేదు. ఇంకోసారి 45వ సెక్షన్ పేరు చూసి, ఇది మాది కాదని సామాజిక న్యాయ శాఖకి మార్చేశారు. ఆ శాఖ చట్టం ఏమంటుందో చెప్పగలదు గానీ మా బ్రిడ్జి మెట్లు ఎన్నో ఎలా చెప్పగలదు? పీఏ గారికి విసుగొచ్చింది, నాకూ వచ్చింది. తర్వాతి నోటీసులో స్టేషన్ల మాట ముందు పెట్టి, చట్టం మాట వెనక్కి నెట్టాం. ఈసారి రైల్వేకే వెళ్లింది. వేరే రాష్ట్రం సభ్యుడెవరో దగ్గరి విషయం అడిగితే దానితో కలిపేశారు కూడా.

అసలు సంగతి ఇక్కడి నుంచే. జవాబు సభ ముందు పెట్టాల్సిన బుధవారం ఇంకా రాలేదు. షెడ్డులో ఒక గిఫ్టు డీడు టైపు చేస్తుంటే స్టేషన్ మాస్టరు గారు ఫోను చేశారు. "మాస్టారూ, మీరేనా పార్లమెంటు ప్రశ్న వేయించింది?" గొంతులో కోపం లేదు, టెన్షన్ ఉంది. ప్రశ్న మంత్రిత్వ శాఖ నుంచి రైల్వే బోర్డుకి, బోర్డు నుంచి జోన్‌కి, జోన్ నుంచి డివిజన్‌కి, డివిజన్ నుంచి ప్రతి స్టేషన్‌కి దిగిందట. రేపు సాయంత్రానికి వివరాలు కావాలట. ఇన్నాళ్లూ నేనిచ్చిన అర్జీలకి లేని గడువు ఆ కాగితానికి ఉంది, ఎందుకంటే బుధవారం వాయిదా పడదు.

మర్నాడు డివిజన్ నుంచి కమర్షియల్ ఇన్‌స్పెక్టరు, ఇంజినీరింగ్ వైపు నుంచి ఒకాయన వచ్చారు. నన్నూ రమ్మన్నారు. టేపు పట్టుకుని ర్యాంపు వాలు కొలిచారు. టాయిలెట్ తలుపు వెడల్పు కొలవడానికి వెళితే తాళం వేసుంది. తాళం చెవి కోసం వెతికారు. నేను ఏమీ అనలేదండి, నిజంగా. వెటకారం వద్దని రూలుంది కదా. లోపల చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీ ఒకటి ఉన్నాయి. ఆ సాయంత్రానికల్లా ఖాళీ చేయించారు. పట్టాల మధ్య దారి చూసి ఇంజినీరు గారు, "ఇక్కడ మీరు దాటుతున్నారా?" అని అడిగి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పార్లమెంటు పర్యవేక్షణ అంటే ఢిల్లీలో మంత్రిని నిలదీయడం అని ఇన్నాళ్లూ అనుకునేవాడిని. నా వరకు అది ఆ తాళం చెవి కోసం జరిగిన వెతుకులాట. జవాబు ఎలా వచ్చినా, జవాబు తయారు చేయడానికి ఒక మనిషి ప్లాట్‌ఫారం మీద నడవాల్సి వచ్చింది. ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే ఆ మనిషి అంత దూరం నడవాలి. "దేశవ్యాప్తంగా దివ్యాంగుల సౌకర్యాలు" అని అడిగి ఉంటే ఢిల్లీలో ఎవరో పాత జవాబు తెరిచి తేదీ మార్చి పంపేసేవారు.

బుధవారం మధ్యాహ్నానికి జవాబు వెబ్‌సైటులోకి వచ్చింది. "(ఎ) నుంచి (డి) వరకు: వివరాలు సభ ముందుంచడమైనది." నాలుగు హద్దులు కట్టి పంపితే నాలుగింటికీ కలిపి ఒకటే జవాబు. మొదటి పేజీ అంతా నాకు కంఠతా వచ్చిన నిరంతర ప్రక్రియే. అనుబంధంలో పట్టిక ఉంది. మా స్టేషన్ ఎదురుగా ర్యాంపు: ఉంది. నీళ్లు: ఉన్నాయి. టాయిలెట్: ఉంది. ప్లాట్‌ఫారాల మధ్య ఏర్పాటు: లేదు. పూర్తి కావాల్సిన తేదీ గడిలో "ప్రతిపాదన పరిశీలనలో ఉంది" అని రాశారు. (సి)కి జవాబే లేదు.

నిరాశ పడ్డాను. పీఏ గారు మాత్రం ఫోనులో హుషారుగా ఉన్నారు. ఆ చివరి గడే మనకి కావాల్సింది అన్నారు. అప్పుడు తెలిసింది ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుందని. లోక్‌సభలో పదిహేను మంది సభ్యులు ఉంటారు. మంత్రులు సభలో ఇచ్చే జవాబుల్లో "పరిశీలనలో ఉంది", "విచారిస్తాను", "సభకి తెలియజేస్తాను" లాంటి మాటలు దొర్లితే వాటిని హామీలుగా లెక్కగడతారు. అలా లెక్కకి ఎక్కితే మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే గడువు పెంచమని అడగాలి. నిరంతర ప్రక్రియ అంటే హామీ కాదు. పరిశీలనలో ఉందంటే హామీ కావచ్చు. మొదటి పేజీ రాసినాయన అనుభవజ్ఞుడు. పట్టిక నింపినాయన ఎవరో హడావిడిలో నిజం రాసేశాడు. ఆయనకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

దాన్ని హామీగా తీసుకున్నారని తర్వాత తెలిసింది. మూడు నెలలూ గడిచాయి, శాఖ గడువు పెంచమని అడిగిందట. ఇక్కడ పైకి కనిపించే మార్పులు రెండు. టాయిలెట్ తెరిచే ఉంటోంది. రాత్రి బండికి వీల్‌ఛైర్ ఉందని ముందు చెబితే, లైను ఖాళీగా ఉంటే ఒకటో ప్లాట్‌ఫారం మీదకే తీసుకుంటున్నారు. (సి)కి పార్లమెంటులో జవాబు రాలేదు గానీ స్టేషన్లో వచ్చింది. దీనికి ఆదేశం కాగితం మీద ఉందా అంటే లేదు. ఈ మాస్టరు గారు బదిలీ అయితే ఏమవుతుందో చూడాలి.

న్యూజెర్సీలో ఉండే మా పెదనాన్న గారి అబ్బాయికి ఇదంతా చెబితే, అక్కడా ఇలాగే అన్నాడు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం అక్కడి రైళ్ల కంపెనీ ఆమ్‌ట్రాక్ స్టేషన్లకి ఇరవై ఏళ్ల గడువిచ్చింది. 2010 జులై 26తో అది తీరింది. పనులు తీరలేదు. 2020 డిసెంబరులో న్యాయశాఖతో ఒప్పందం చేసుకుని, 135 స్టేషన్ల బాగు పని చేపట్టడానికి ఇంకో పదేళ్లు తీసుకున్నారు. తేడా ఏమిటంటే అక్కడ కాంగ్రెస్ (అంటే వాళ్ల పార్లమెంటు) కమిటీలు కంపెనీ పెద్దల్ని పిలిచి కూర్చోబెట్టి అడుగుతుంటే ఇంట్లో కూర్చుని వీడియోలో చూడొచ్చు. మన రైల్వే స్థాయీ సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు, ఏటా రైల్వే పద్దులు పరిశీలిస్తారు, మంచి రిపోర్టులే రాస్తారు. తలుపులు మాత్రం మూసే ఉంటాయి. లోపల ఏ సభ్యుడు ఏం అడిగాడో మనకి తెలియదు. అక్కడ ఇంకాస్త గాలి ఆడితే బాగుంటుందని నా అభిప్రాయం.

మా ప్రశ్న సంగతి తెలిసి అమలాపురం నుంచి ఒక టీచరు గారు ఫోను చేశారు. ఆవిడకి చూపు లేదు. "మీకు రెండో ప్లాట్‌ఫారం లేదు, మాకు ఒకటోదే లేదండి," అన్నారు. నిజమే. కోటిపల్లి–నరసాపురం లైను 2000–01లో మంజూరైంది. లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగి గారు కోనసీమ మనిషే. ఆయన 2002లో పోయారు. ఇది రాసేనాటికి అమలాపురానికి రైలు రాలేదు. ఆవిడ గోదావరి పాయలు దాటి మా వైపు వచ్చి బండెక్కుతారు. ర్యాంపు ఉంటే ఆవిడకి ఒరిగేదేమీ లేదు. అంచు ఎక్కడో పాదానికి తెలిసే బొడిపెల టైల్స్, ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పడం, అవి కావాలి. బెర్తు నంబరు బ్రెయిలీలో రాసిన పెట్టెలు ఉన్నాయి, కానీ "పెట్టె దొరికాక కదండీ బెర్తు" అన్నారు.

ఇద్దరం కలిసి లోక్‌సభ పిటిషన్ల కమిటీకి ఒక పిటిషన్ తయారు చేశాం. ఈ పని నాకు మహా ఇష్టంగా ఉంది. దానికి ఒక నమూనా ఉంది. ఎవరికి, ఎవరు, ఏం కోరుతున్నారు, చివర్లో సదా ప్రార్థిస్తుంటామన్న పాతకాలం ముగింపు, అచ్చం మా తాతల నాటి దస్తావేజుల భాష. సంతకం చేసే ప్రతివాళ్లూ పూర్తి పేరు, అడ్రసు రాయాలి, చదువు రానివాళ్లు వేలిముద్ర వేయాలి. తెలుగులో రాసుకోవచ్చు గానీ ఇంగ్లీషులోనో హిందీలోనో అనువాదం జతచేసి దాని మీదా సంతకం పెట్టాలి. ఫోటోలు, ఉత్తరాలు, అఫిడవిట్లు ఏవీ జతచేయకూడదు. పట్టాల మధ్య దారి ఫోటో ఒకటి ప్రాణప్రదంగా దాచుకున్నాను, అది పనికిరాలేదు. దాన్ని మాటల్లోనే రాశాను.

కోర్టులో ఉన్న విషయం కూడా అడగకూడదు. సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో, 2017 రూల్స్‌లోని 15వ రూలు ప్రమాణాల్ని సలహాల్లాగే వదిలేసింది, తప్పనిసరి చేయలేదు, కాబట్టి చెల్లదని చెప్పి, తప్పనిసరి నియమాలు వేరే రాయమని కేంద్రానికి మూడు నెలలిచ్చింది. ఆ తీర్పుకి ఆధారమైన అధ్యయనం హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లదే. మాకు బలమంతా ఆ తీర్పే. కానీ నియమాల విషయం ఇంకా కోర్టు చూస్తోంది కాబట్టి పిటిషన్‌లో దాన్ని ముట్టుకోలేదు, మా స్టేషన్ల దగ్గరే ఆగాం.

సంతకాల కోసం తిరగడం నా వల్ల కాదు. జిరాక్సు షాపాయన తిరిగాడు. పిటిషన్ అందిందని కబురొచ్చింది. శాఖ అభిప్రాయం అడుగుతారట, వచ్చాక కమిటీ చూస్తుందట. ఈలోగా పీఏ గారు వచ్చే సమావేశాలకి ఇంకో ప్రశ్న రాసి పెట్టమన్నారు. రాసిచ్చాను: హామీ మీద గడువు పెంచమని ఏ తేదీన అడిగారు, కొత్త గడువు ఏ తేదీ, ఒకటో ప్లాట్‌ఫారం మీదకి బండి తీసుకోవాలన్న ఆదేశం ఏ తేదీన ఇచ్చారు లేదా ఇస్తారు. అన్నీ తేదీలే. టాయిలెట్ తాళం సంగతి మళ్లీ చేర్చి చూశాను. ఈసారి కూడా కొట్టేశారు.